పగడములకు దినవెచ్చము

సముద్రపు నీరు ఉప్పగా నుండునని యెఱుగని బాలుడు మన పాఠశాలలో లేడు. ఆ యుప్పు ఏయే పదార్థములు కూడి యైనదని యడిగినచో మాత్రము తరగతి యంతయు మౌనము వహించును. సముద్రము నెండబెట్టినచో మిగులునది మన కూరలలో వేసికొను ఉప్పేయని పలువుర తలంపు. నౌపడలోను, చినగంజాములోను ఉప్పుమళ్లలో పనిచేయు కూలివారికి ఈ విషయము మనకంటె బాగుగ తెలియును. మడిలోని నీరు ఎండకు చిక్కబడుచుండగా మొదట సున్నమును, జిప్సమును అడుగునకు దిగును. పిమ్మట ఉప్పు గట్టును. కడపట మిగిలిన చేదునీటిని వారు వెలుపలికి వదలివేయుదురు. ఆ చేదు మెగ్నీషియపు లవణములది. మనము వంటింటికి తెచ్చుకొనునది సముద్రములో ఒక భాగమే గాని సముద్రము కాదు.

ఒక కిలోగ్రాము సముద్రపు నీటిలో సుమారు 35 గ్రాముల లవణములు కరగియుండును. అందు 30 గ్రాములు సోడియమును, క్లోరైడును. సల్ఫేటు 2.7 గ్రాములు, మెగ్నీషియము ఇంచుమించు 1.3 గ్రాములు, కాల్షియమును పొటాషియమును ఒక్కొక్కటి 0.4 గ్రాము. 1872 మొదలు 1876 వఱకు చాలెంజరు అను నావ ప్రపంచ సముద్రములను చుట్టివచ్చినది. అది తెచ్చిన నీటిలో 77 నమూనాలను విలియము డిట్మారు అను రసాయన శాస్త్రజ్ఞుడు పరీక్షించి 1884లో ఫలితములను ప్రకటించెను. నీటిలో ఉప్పదనము ఎక్కువ తక్కువలైనను, ఆ లవణముల పరస్పర పాళ్లు మాత్రము ఎల్ల మహాసముద్రములలోను దాదాపు ఒక్కటియేయని ఆయన లెక్కలు చూపినవి. ఒకే చేయి, ఒకే సోలతో కొలిచి పోసినట్లున్నది. ఈ మాట చెప్పునపుడెల్ల నాకు మనసున భక్తి కలుగును. విద్యార్థులకు మాత్రము అంకెలనే చెప్పుదును, ఏలయన అంకెలే ఆ భక్తిని పుట్టించగలవు.

ఈ పాళ్లలో కాల్షియమునకు దక్కినది నూటికి ఒకటికంటె కొంచె మెక్కువ. ఆ కొంచెముతోనే పగడపు జీవులు దిబ్బలు కట్టుచున్నవి. ఉంగరములలో పొదుగు ఎఱ్ఱ పగడము వేఱు జాతి. నేను చెప్పునవి ఉష్ణదేశపు సముద్రములలో రాతిదిబ్బలు కట్టు పగడములు. వీని మెత్తని శరీరములో కంటికి కనబడని వృక్షజాతి సూక్ష్మజీవులు కాపురముండి, వెలుతురున ఆహారము తయారుచేసి యజమానికి పెట్టుచుండును. ఆ బలముతో పగడము నీటిలోని కాల్షియమును బైకార్బొనేటును గ్రహించి, రెండు పాళ్లు బైకార్బొనేటునకు ఒక పాలు కాల్షియమును చేర్చి, సున్నపురాతిని తన క్రింద పేర్చుకొనును. ఈ పనిలో కొంత బొగ్గుపులుసు గాలియు నీరును వెలువడును. సముద్రమున ఒక పగడము తీసికొన్నదానికి లెక్క యుండదు. అల వచ్చి తిరిగి నింపును. గాజు తొట్టిలో నింపుటకు అల లేదు. అందు మనుష్యుడే అల కావలయును.

పగడములను గాజుపాత్రలో పెంచవచ్చునని మొదట చూపినవారిలో ఒక పాదిరిగారి భార్య కలదు. లండనులోని వెస్టుమినిస్టరు దేవాలయమున సేవచేసిన లార్డు జాను థిన్ను గారి భార్య అన్నా థిన్ను 1846లో టార్కే తీరమున చిన్న పగడములను సేకరించి లండనునకు కొనిపోయెను. సముద్రము దూరమగుటచే నీటికి గాలి తగులుటకై దాసి యొకతె ఆ నీటిని ఒక పాత్రనుండి మఱియొక పాత్రకు దినదినము చాలసేపు వంపుచుండెడిది. తరువాతి యేడు ఆమె సముద్రపు పాచిని గూడ అందుంచెను. కొంతకాలమునకు ఫిలిప్పు హెన్రీ గాస్సు గారు వ్రాసిన గ్రంథమువలన 1854లో ‘అక్వేరియము’ అను పేరు వాడుకకు వచ్చినది. గాస్సు గారు బ్రదరన్ సంఘమునకు చెందిన విశ్వాసి. 1836లో ఇంగ్లండునుండి తెలుగు దేశమునకు వచ్చి గోదావరి ప్రాంతమున సువార్త ప్రకటించిన బౌడను, బీరు గారలును ఆ సంఘమువారే. గాస్సు గారు నాలుగు లవణములు కలిపి కృత్రిమ సముద్రజలమును గూడ చేసి చూపిరి: వంట ఉప్పు, ఎప్సము ఉప్పు, మెగ్నీషియము క్లోరైడు, పొటాషియము క్లోరైడు. అందు సున్నమునకు ప్రత్యేకముగా చోటు లేకపోయెను. కొన్ని జీవులు బ్రతుకుటకు అది చాలును. రాతిదిబ్బ కట్టువానికి చాలదు.

ఇంతవఱకు పుస్తకములలోని మాట. నేను ఈ విషయమును చేతులార నేర్చుకొన్నది 2023 వేసవి సెలవులలో. అమెరికాలోని హ్యూస్టను నగరమున మా అక్కగారు నర్సుగా పనిచేయుచున్నారు. బావగారు ఇంజనీరు. వారింటి ముందుగదిలో 75 గాలనుల ఉప్పునీటి తొట్టి యొకటి కలదు. దాని క్రిందనున్న చిన్న తొట్టినిగూడ కలుపుకొన్నచో మొత్తము నీరు సుమారు 300 లీటరులు. ఆ నగరమునకు దక్షిణమున, తీరమునుండి దాదాపు నూఱు మైళ్ల దూరమున, మెక్సికో సింధుశాఖలో నిజమైన పగడపు దిబ్బలున్నవి. 1992లో ప్రభుత్వము వానిని రక్షిత ప్రాంతముగా ప్రకటించెను. బావగారి పగడములు అచ్చటివి కావు. అభిరుచి గలవారు తమ తొట్లలో పెరిగిన కొమ్మలను చిదిమి ఒకరికొకరు ఇచ్చుకొనుట ఆ దేశమున వాడుక. వారి తొట్టిలోనివి అట్లు వచ్చినవే. అందొకటి ఆకుపచ్చని ఆక్రొపొర. మా మేనల్లుడు పుట్టిన యేట చిటికెనవ్రేలంత కొమ్మగా ఇంటికి తెచ్చినది. నేను చూచునప్పటికి పిల్లవానికి పదునాఱేండ్లు. కొమ్మ పెద్ద తలపాగ యంత యైనది.

నేను వెళ్లిన పదిదినములలో బావగారు ప్రతి యుదయము ఆ తొట్టి యెదుట నన్ను కూర్చుండబెట్టి పని చూపిరి. మొదటిది ఉప్పదనము. ఎండకు చెఱువు తగ్గినట్లు తొట్టి నీరు దినదినము కొంత ఆవిరియై పోవును. పోవునది నీరే, ఉప్పు పోదు. కావున తగ్గినంత మేర ఉప్పులేని శుద్ధజలమునే పోయవలయును. ఉప్పునీరు పోసినచో ఉప్పదనము నానాటికి హెచ్చును. ఈ పనికి వారు తేలుబంతి యొకటి అమర్చియుండిరి. మట్టము దిగగానే అది తెఱచుకొని మంచినీటిని వదలును.

రెండవది క్షారత. తొట్టి నీటిని 5 మిల్లీలీటరులు చిన్న సీసాలోనికి తీసి, రంగు మందు వేసి, ఆమ్లమును చుక్క చుక్కగా విడువవలయును. నీలపు రంగు గులాబి రంగునకు తిరుగునప్పటికి ఎంత ఆమ్లము పట్టినదో చూచినచో నీటిలోని బైకార్బొనేటు లెక్క తెలియును. పదియవ తరగతి దాటిన విద్యార్థులు బ్యూరెట్టుతో చేయు పనియే యిది. ఈ లెక్కను ఆ యభిరుచిగలవారు జర్మను డిగ్రీలలో చెప్పుదురు. సహజ సముద్రమున ఇది సుమారు 6.5 మొదలు 7 డిగ్రీలు. తొట్లలో 7 నుండి 11 లోపల ఏదో ఒకచోట నిలుకడగా నుంచుదురు. బావగారిది 8.4. మూడవది కాల్షియము, సముద్రమున లీటరునకు సుమారు 410 మొదలు 420 మిల్లీగ్రాములు. నాలుగవది మెగ్నీషియము, సుమారు 1300 మిల్లీగ్రాములు. క్షారతను దినదినమును, కాల్షియమును వారమున కొకమాఱును, మెగ్నీషియమును నెలకొకమాఱును వారు కొలిచి, ఒక పుస్తకమున తెలుగులో వరుసలు గీసి వ్రాసియుంచిరి. ఆ పుస్తకములు అల్మరలో పదునాఱు కలవు.

కాల్షియమును సున్నపురాయిగా మార్చునది పగడము గదా, మఱి మెగ్నీషియమునకు పనియేమని నేనడిగితిని. వారు చెప్పిన సమాధానము శాస్త్రగ్రంథములతో సరిపోవుచున్నది. సముద్రజలమున, తాను నిజముగా ఇముడ్చుకొనదగినదానికంటె ఎక్కువ సున్నపు సరకు కరగియున్నది. అది యంతయు ఒక్కసారిగా రాయియై కూలిపోకుండుటకు మెగ్నీషియము ముఖ్యకారణము. సున్నపు పలుకు పుట్టగానే మెగ్నీషియము పోయి దాని మీద కూర్చుండును, పలుకు పెరుగదు. తగవు పెరుగకమునుపే నడుమ వచ్చి కూర్చుండు ఊరిపెద్ద వంటిది. మెగ్నీషియము తక్కువైన తొట్టిలో ఎంత సున్నము పోసినను మరలకును గొట్టములకును పొరగట్టును గాని పగడమునకు అందదు.

వారు పెట్టు దినవెచ్చము లెక్క యిది. ఆ తొట్టి దినమునకు ఒక డిగ్రీ క్షారతను తినుచుండెడిది. 300 లీటరులలో ఒక డిగ్రీ నింపుటకు వంటసోడా 9 గ్రాములు పట్టును. దానికి జోడుగా కాల్షియము లీటరునకు 7 మిల్లీగ్రాముల చొప్పున తగ్గును. దానిని నింపుటకు కాల్షియము క్లోరైడు సుమారు 8 గ్రాములు. రెంటిని వేర్వేఱుగ నీట కరగించి, వేర్వేఱు వేళల, నీటి ఒరవడి గల చోట కొంచెము కొంచెముగా పోయవలయును. ఒకే చోట ఒకేసారి పోసినచో పాలవలె తెల్లబడి రాయియై క్రిందికి దిగును. రెండు మందుల శేషములు కలిసి వంట ఉప్పగును; అది పేరుకొనకుండ అప్పుడప్పుడు కొంత నీటిని తీసి, సరియైన పాళ్లలో చేసిన క్రొత్త ఉప్పునీటిని పోయుదురు. ఈ సోడా, ఈ క్లోరైడు కలిసి ఆ తొట్టిలో దినమునకు అయిదు గ్రాములకు పైగా రాయియగుచున్నవి. ఏడాదికి దాదాపు రెండు కిలోగ్రాములు. రెండు చెంచాల పొడి, రెండు వేళల, పదునాఱేండ్లు. ఇంటి గోడకంటె నెమ్మదిగా, కాని ఒక్కనాడును ఆగక, ఆ దిబ్బ పెరిగినది.

పదునొకండవ రాత్రి బావగారికి ఱొమ్మునొప్పి వచ్చెను. గుండె నాళములలో మూడు పూడియున్నవనియు, మఱునాడే శస్త్రచికిత్స చేయవలయుననియు వైద్యులు చెప్పిరి. మేమందఱము ఆస్పత్రిలోనే యుంటిమి. నాలుగు దినములు ఆ యింటి తలుపు తెఱచినవారు లేరు.

శస్త్రచికిత్స యైన రాత్రి మంచము ప్రక్కన వ్రేలాడుచున్న సీసాను చూపి, ఇది యేమి మందని అక్కను అడిగితిని. మందు కాదు, పొటాషియమని ఆమె చెప్పెను. రక్తమున పొటాషియము లీటరునకు 3.5 మొదలు 5 మిల్లీఈక్వివలెంటుల లోపల నుండవలయును. తగ్గినచో గుండె లయ తప్పును. వారికది తగ్గినది. అట్లయిన త్వరగా ఎక్కించరాదా యని నేనంటిని. “తమ్ముడా, తక్కువైతే గుండె తడబడుతుంది. తొందరపడి ఎక్కిస్తే గుండె ఆగిపోతుంది. అందుకే చుక్క చుక్క,” అని ఆమె మెల్లగా పలికెను. ఆమె ముప్పది యేండ్ల నర్సు. అయినను ఆ రాత్రి సీసానుండి చూపు మరల్చలేదు. గంట గంటకు రక్తము తీసి పరీక్షకు పంపుచుండిరి. మెగ్నీషియమును గూడ చూచుచుండిరి. అది లోపించినచో పొటాషియమును ఎంత యిచ్చినను శరీరమున నిలువదట. నేను సముద్రమును గూర్చి ఇరువది యేండ్లు పాఠము చెప్పినవాడను. మనుష్యుని రక్తములోను అవే లవణములు, అవే కొలతలు, అదే జాగ్రత్త యని ఆ సీసా క్రింద కూర్చుండినప్పుడు గాని నాకు నిజముగా తెలియలేదు.

అయిదవ నాటి యుదయము బావగారు కొంత కోలుకొని మాటలాడుచుండుటచే, అక్క నన్నును మేనల్లునిని ఇంటికి పంపెను. తొట్టి దీపములు వెలుగుచునే యున్నవి. నీటి మట్టము తేలుబంతి కాపాడినది. చేపలు ఆకలిగొనియు క్షేమముగా నున్నవి. పగడములు మాత్రము మొగ్గలు ముడుచుకొనియున్నవి. పిల్లవాడు తండ్రి పుస్తకము తెఱచి, నీరు కొలిచెను. క్షారత 5.3, కాల్షియము 410. ఇచట విద్యార్థులు గమనింపదగిన సంగతి యొకటి గలదు. కాల్షియము 430 నుండి 410కి దిగినది. నూటికి అయిదు పాళ్లయిన తగ్గలేదు. అదే పనిలో క్షారత నూటికి ముప్పదియేడు పాళ్లు తగ్గినది. రెండును ఒకే రాతిలోనికి జోడుగా పోయినవి. కాని ఒకదానికి నిలువ యెక్కువ, రెండవదానికి నిలువ తక్కువ. గాదె నిండుగా నున్న యింట ఉప్పు డబ్బా ఖాళీయైనను వంట ఆగును గదా! అందుచేతనే కాల్షియమును వారమున కొకమాఱు చూచినను చాలుననియు, క్షారతను దినదినము చూడవలెననియు బావగారు నియమము పెట్టుకొనిరి.

పిల్లవాడు లెక్క వేసెను. తగ్గినది 3.1 డిగ్రీలు, డిగ్రీకి 9 గ్రాములు, 28 గ్రాముల సోడా. తూచి గిన్నెలో పోసి, “మామయ్యా, ఇప్పుడే పోసేస్తాను. నాన్న వచ్చేసరికి సరిగా ఉండాలి,” అనెను. వాని కన్నులు ఎఱ్ఱబడి యున్నవి. నాలుగు రాత్రులుగా వానికి నిద్ర లేదు. ఆ గిన్నెలో వాడు పోయుచున్నది సోడా మాత్రమే కాదని నేను గ్రహించితిని. లెక్క తప్పు లేదు. అయినను నా కన్నుల యెదుట ఆ సీసా మెదలెను. నాన్నగారినే అడుగుదమని వానితో నంటిని.

టెలిఫోనులో బావగారి గొంతు చాల బలహీనముగా వినబడెను. మొదట అంకె యెంతయని యడిగిరి. చెప్పితిమి. కొంతసేపటికి, “దినానికి అర డిగ్రీ. ఖర్చుకు ఖర్చు, పైన అర డిగ్రీ. అంతకు మించి వద్దు,” అనిరి. ఎందుకని పిల్లవాడడిగెను. “నాలుగు రోజుల ఆకలిని ఒక్క పూటలో తీర్చలేమురా,” అని వారి సమాధానము. క్షారత హఠాత్తుగా ఎగసినచో ఆక్రొపొర కొమ్మల కొనలు కాలినట్లై తెల్లబడి మాంసము ఊడిపోవునని ఆ తొట్లవారి అనుభవము. అదియు గాక, ఒక్క చోట దట్టమైన సోడా పడినచో నీటిలోని కాల్షియము రాయియై వ్యర్థమగును, ఉన్నదిగూడ పోవును.

అట్లే చేసితిమి. దినవెచ్చమునకు 9 గ్రాములు, లోటునకు 4.5 గ్రాములు, దానిని గూడ నాలుగు పాళ్లు చేసి నాలుగు వేళల పోసితిమి. నెమ్మదిగా పోయుట సులభమని యెవరును తలంపరాదు. రెండవ నాడు ఆకుపచ్చని పగడములో ఒక ప్రక్క కొమ్మలు మూడు వెలవెలబోయినవి. మూడవ నాడు అవి తెల్లనైనవి. పిల్లవాడు గిన్నె వంక, నా వంక చూచును. నోట మాట లేదు. ఇంకొక చెంచా వేసిన ఏమగునను తలంపు నాకును రాకపోలేదు. కొలత చూచుకొంటిమి, వ్రాసికొంటిమి, కట్టుబడి యుంటిమి. నాలుగవ నాడు తక్కిన కొమ్మల మొగ్గలు కొంచెము విచ్చినవి. ఏడవ నాటికి క్షారత 8.3. మూడు కొమ్మలు పోయినవి, పగడము నిలిచినది. బావగారు ఇంటికి వచ్చిన సాయంకాలము కుర్చీలో కూర్చుండి చాలసేపు దానినే చూచి, ఆ పుస్తకమును పిల్లవాని చేతికిచ్చి, ఇక మీద నీవే వ్రాయుమనిరి.

పిల్లవాడు ఒక మార్పు చేసెను. తండ్రి చేయి ఆగినపుడు తొట్టి ఆగరాదని తలచి, సున్నపు తేటను రాత్రివేళ సన్నని మర ద్వారా చుక్క చుక్కగా విడుచు నేర్పాటు చేసెను. ఈ పద్ధతి పాతదియే. 1970ల ప్రాంతమున పీటర్ విల్కెన్సు గారు దీనిని పగడపు తొట్లవారిలో వ్యాపింపజేసిరి. లీటరు నీటిలో సుమారు 1.6 గ్రాముల సున్నము మాత్రమే కరగును. దానిలో కాల్షియమును క్షారతయు పగడమునకు కావలసిన జోడు పాళ్లలోనే యున్నవి. ఆ తొట్టి దినవెచ్చమునకు రెండున్నర లీటరుల తేట సరిపోవును. ఆవిరియైన నీటి స్థానమున అదియే పోవుటచే రెండు పనులు ఒక్కటిగా జరుగును. రాత్రి దీపములు ఆరినపుడు బొగ్గుపులుసు గాలి హెచ్చి నీటి క్షారగుణము కొంత దిగును. ఆ వేళ తేట పడుట మేలు. మూత మాత్రము బిగించి యుంచవలయును. గాలిలోని బొగ్గుపులుసు తగిలినచో తేటపై మీగడవలె పొరగట్టి, సున్నము సుద్దయై నిరుపయోగమగును.

విద్యార్థులారా! ఈ సున్నపు తేటయే మీరు ప్రయోగశాలలో గొట్టముతో ఊపిరి ఊదగా తెల్లబడినది. అందు అడుగునకు దిగిన తెల్లని మడ్డియును, మహాసముద్రములలో నావలను పగులగొట్టు దిబ్బలును ఒకే పదార్థము. తెలిసినదానినుండి తెలియనిదానికి పొమ్మని శిక్షణ కళాశాలలో మా గురువులు మాకు నేర్పిరి. ఇంతకంటె దగ్గఱ దారి నాకు కనబడలేదు. తేట ఘాటైన క్షారము. కంటికి తగులనీయరాదు, నోటికి పీల్చరాదు, ఊదుటయే.

పగడములను పెంచవలెనను కోరిక మీలో నెవరికైన పుట్టవచ్చును. మన దేశమున 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టము క్రింద రాతి పగడములకు రక్షణ కలదు; సముద్రమునుండి తీయుటగాని, అమ్ముటగాని, కొనుటగాని తగదు. వానిని చూడగోరినవారు మన్నారు సింధుశాఖకో, లక్షద్వీపములకో, అండమానులకో పోయి నీటిలో నున్నచోటనే చూడవలయును. గోదావరి కృష్ణల మంచినీరును ఒండ్రుమట్టియును కలియు మన తీరమున అట్టి పెద్ద దిబ్బలు పెరుగవు. మన నదులు మనకు వరి నిచ్చినవి; పగడము నీయలేదు. దానికి చింతింప పనిలేదు.

నేను ఇంటికి తెచ్చుకొన్నది వేఱొకటి కలదు. ప్రతి యేడును మిరపకోతల కాలమున మన పాఠశాల పిల్లలు కొందఱు తల్లిదండ్రులతో కూలికి పోయి మూడు నాలుగు వారములు కనబడరు. తిరిగి వచ్చినపుడు, తప్పిన పాఠములన్నియు ఒక్క శనివారమున చెప్పి ముగించుట మన ఉపాధ్యాయులలో వాడుక. లెక్క సరియే: ఇన్ని పాఠములు తప్పినవి, ఇన్ని పాఠములు చెప్పబడినవి. పిల్లలు మాత్రము సోమవారమునకు మొగ్గ ముడుచుకొని కూర్చుందురు. మొన్నటి యేడు తొమ్మిదవ తరగతి బాలిక యొకతె నాలుగు వారముల పిమ్మట తిరిగివచ్చినది. ఆమెకు ఆనాటి పాఠముతోబాటు దినమునకు అరగంట చొప్పున పాత పాఠమును చెప్పితిమి, అరగంట దాటనీయలేదు. ఒక్కొక్కప్పుడు ఆమెయే ఇంకను చెప్పుమని కోరెడిది. ఆఱు వారములు పట్టినది. సంవత్సర పరీక్షలో ఆమె మొదటిది కాలేదు, రెండవది కాలేదు. తరగతితో కలిసి పైకి పోయినది. పాఠశాల మానుకొనలేదు.

ఇశ్రాయేలీయులు అరణ్యమున మన్నాను ఏనాటికానాడు ఏరుకొన్న కథ మీరెల్లరు ఎఱుగుదురు. ఎక్కువ దాచుకొన్నది పురుగుపట్టెను. ఆ కథను నేను బాల్యమునుండి ఆదివారపు బడిలో విని, అది అత్యాశను గూర్చిన హెచ్చరిక యనియే తలచుచుంటిని. ఇప్పుడందు మఱియొక మాట గూడ వినబడుచున్నది. ఇచ్చువాని చేతిలో కొదువ యుండుటచే అది దినమునకొక కొలతగా రాలేదు. పుచ్చుకొనువాని పాత్ర అంతటిదగుటచే అట్లు వచ్చినది.

హ్యూస్టనునుండి మేనల్లుడు నెలకొకమాఱు అంకెలు పంపుచున్నాడు. క్షారత, కాల్షియము, మెగ్నీషియము. వాని క్రింద నాలుగవ వరుసగా తండ్రి రక్తములోని పొటాషియము. తెలుగు అక్షరములు కొంచెము వంకరగా నుండును. పోయిన మూడు కొమ్మల మొదళ్ల చుట్టును క్రొత్త మాంసము ప్రాకుచున్నదని కడపటి లేఖలో వ్రాసినాడు.